నీళ్లు వస్తున్నాయా?

ట్రైలర్‌లో, అంటే ట్రక్కుకు తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇంట్లో, చలికాలం గడుపుతున్నామని తెలిసిన వాళ్లందరూ మమ్మల్ని దుప్పట్ల గురించే అడుగుతారు. హీటరు ఉందా, స్వెటర్లు సరిపోతున్నాయా, రాత్రి నిద్ర పడుతోందా అని. నరసరావుపేట నుంచి ఫోన్ చేసే మా అమ్మ ఆ సంగతులేవీ ఎత్తదు. “నీళ్లు వస్తున్నాయా నాన్నా?” అంటుంది. పంపు ఏ పూట వస్తుందో తెలియక బిందెలు వరసపెట్టుకుని కూర్చున్న తరం ఆవిడది. ఎవరింటికి ఫోన్ చేసినా మొదట అడిగేది అదే. మేముంటున్న అమెరికాలోని నార్త్ డకోటా మంచు గురించి ఆవిడకేమీ తెలియదు. అయినా అడగాల్సిన ప్రశ్న అడుగుతున్నది ఆవిడ ఒక్కతే.

మేముండేది ఆ రాష్ట్రపు పడమటి కొసన, విల్లిస్టన్ ఊరి బయట ఒక ట్రైలర్ పార్కులో. గ్యాసు ప్లాంటులో కాంట్రాక్టు పని నాది. కంప్యూటరు ముందు కూర్చుని ఎక్కణ్నుంచైనా చేసుకోగల ఉద్యోగం మా ఆవిడది. బాకెన్ రాతిపొరల్లోంచి చమురు తీయడం జోరందుకున్నాక ఈ ఊరి మీదికి జనం విరగబడి వచ్చారు. 2010లో 14,716 ఉన్న జనాభా 2020కి 29,160 అయింది. వచ్చినవాళ్లకు ఇళ్లు లేవు. ఉన్నవాటి అద్దెలు 2014 ప్రాంతంలో న్యూయార్క్‌తో పోటీ పడ్డాయి. వాల్‌మార్ట్ పార్కింగ్ స్థలంలోనే ట్రైలర్లు నిలిపి కాపురాలు పెట్టినవాళ్లున్నారు. తర్వాత చమురు ధర పడిపోయి చాలామంది వెళ్లిపోయారు కానీ, పని అయిపోగానే ఇంటిని పికప్ ట్రక్కుకి తగిలించుకుని పోయే అలవాటు మాత్రం కాంట్రాక్టు మనుషుల్లో మిగిలింది.

చిక్కేమిటంటే, ఈ ట్రైలర్లు చలికాలం కోసం పుట్టినవి కావు. వీటిలో చాలా భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారవుతాయి, వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఏ సరస్సు పక్కకో వెళ్లేవాళ్ల కోసం. చాలావాటికి గోడ మందం రెండంగుళాలు దాటదు. ఎన్‌ఎఫ్‌పీఏ 1192 అని వీటికో భద్రతా ప్రమాణం ఉంది. అది కూడా వీటిని తాత్కాలిక మకాంగానే చూస్తుంది. బుద్ధిమంతులు చలి రాకముందే అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్‌కు బండి తోలుకుపోతారు. జీతానికి కట్టుబడ్డ మాబోటి వాళ్లం ఇక్కడే ఉండిపోతాం. జనవరి రాత్రుల్లో మైనస్ 20 డిగ్రీలు మామూలే. కొన్నాళ్లు మైనస్ 30 కూడా దాటుతుంది.

మనిషిని వెచ్చగా ఉంచడం పెద్ద పని కాదు. ఇంత చిన్న గదిని ఒక హీటరు పది నిమిషాల్లో కాగబెట్టేస్తుంది. కష్టమంతా నీళ్లతో. నేల కిందుండే నీళ్లు గడ్డకట్టకూడదు. నేల పైనున్న గాలిలో నీళ్లు చేరకూడదు. ట్రైలర్ కాపురంలో చలికాలపు విద్య మొత్తం ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

మొదట కింది సంగతి. ట్రైలర్ నేలకూ కింద కప్పిన రేకుకూ మధ్య ఖాళీ ఉంటుంది. గొట్టాలూ, మూడు ట్యాంకులూ అందులోనే: మంచినీళ్లదొకటి, స్నానమూ గిన్నెలూ కడిగిన నీళ్లదొకటి, మరుగుదొడ్డిదొకటి. ప్రొపేన్‌తో నడిచే ఫర్నేసు నుంచి గదుల్లోకి వెళ్లే వేడిగాలిలో కొంత చిన్న గొట్టం ద్వారా ఆ ఖాళీలోకీ పోతుంది, మంచి ట్రైలరైతే. ఇక్కడే చాలామందిని ముంచే మెలిక ఉంది. పార్కు అద్దెలో కరెంటు కలిసి ఉంటుంది, ప్రొపేన్ మన జేబులోంచి పోతుంది. అందుకని కరెంటు హీటరు పెట్టుకుంటారు. గది హాయిగా ఉంటుంది. గదిలో వెచ్చగా ఉందని థర్మోస్టాటు ఫర్నేసును లేపదు. ఫర్నేసు లేవకపోతే నేల కిందికి వేడి వెళ్లదు. మనం బనీనుతో కూర్చుని కాఫీ తాగుతుంటాం, మన కాళ్ల కింద గొట్టాలు బిగుసుకుంటుంటాయి. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు ప్లాస్టిక్ మూలమలుపులు నిలవవు. గది ఎంత వెచ్చగా ఉంటే అడుగు అంత ప్రమాదంలో ఉందన్నమాట. అందుకే రాత్రి పడుకోబోయే ముందు నేను కరెంటు హీటరు తగ్గించేసి ఫర్నేసును పనిలోకి దించుతాను. అది లేచినప్పుడల్లా బుస్సుమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడుకు మెలకువ వస్తుందని సణిగేవాళ్లున్నారు. నాకు మాత్రం అది వినపడకపోతేనే మెలకువ వస్తుంది.

దానికి మేత ఎంత కావాలో చెప్తాను. మన ఇంట్లో వంటగ్యాసు సిలిండరులో 14.2 కిలోలుంటుంది. ఇక్కడ ట్రైలర్ ముందు కట్టే ముప్పై పౌండ్ల సిలిండరంటే 13.6 కిలోలు, దాదాపు అంతే. మన దగ్గర అది ఒక చిన్న సంసారానికి నెల దాటి వస్తుంది. ఇక్కడ గంటకు 30,000 బీటీయూల వేడి పుట్టించే ఫర్నేసు సగంసేపు మండినా రెండు రోజులకు మించి రాదు. జనవరిలో గ్యాసు పోయించుకోవడం పాలు తెచ్చుకున్నంత మామూలు పనైపోతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. మన సిలిండరులో ప్రొపేన్‌తో పాటు బ్యూటేన్ కలిసి ఉంటుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ఆ సిలిండరును ఇక్కడికి తెచ్చి పెడితే లోపల ద్రవం ఉంటుంది, స్టవ్వు మాత్రం సరిగా వెలగదు. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది కాబట్టి ఈ దేశంలో ట్రైలర్లకు అదే పోస్తారు. అయినా చలి ముదిరేకొద్దీ సిలిండరులో ఒత్తిడి తగ్గిపోతుంది. అడుగున కాస్తే మిగిలిన సిలిండరు, నిండుదాని కంటే ముందే చేతులెత్తేస్తుంది. అందుకే జంటగా కడతారు. ఒకటి నీరసించగానే రెగ్యులేటరు రెండోదానికి మారుతుంది. మారిందో లేదో చూడ్డానికి తెల్లవారుజామున టార్చి పట్టుకుని బయటికెళ్లడం నా దినచర్యలో భాగం. ఫర్నేసు ఫ్యాను తిరగడానికి బ్యాటరీ కావాలన్నది కూడా మర్చిపోకూడదు. నిండా గ్యాసుండి, కరెంటు పోయి, బ్యాటరీ చలికి చచ్చిపడి ఉంటే వేడి రాదు.

ఇక స్కర్టింగ్. ట్రైలర్ చక్రాల మీద నిలబడి ఉంటుంది కదా, కింద గాలి ధారాళంగా ఆడుతుంది. ఈ మైదానాల్లో గాలికి అడ్డంగా చెట్టన్నది లేదు. కాబట్టి అంచుల నుంచి నేల దాకా చుట్టూ మూసేస్తారు. మేము రెండంగుళాల ఫోమ్ బోర్డులు కొలిచి కోసి, అతుకులకు అల్యూమినియం టేపు వేశాం. పక్క ట్రైలర్‌లో ఉండే పైప్‌లైను వెల్డరు పెద్దాయన గడ్డి మోపులు పేరుస్తాడు. చవక, గాలిని బాగా ఆపుతాయి. ఎలుకలకు కూడా అంతే నచ్చుతాయి, నిప్పు భయం సరేసరి. నాకు ఆ పద్ధతి గిట్టదు. కానీ ఆయన ఎన్నో చలికాలాలు చూసినవాడు, నేను వాదించను. గాలి ఆగిందంటే చాలు, భూమిలోంచి వచ్చే కాస్త వేడీ కిందే నిలుస్తుంది. ఒక్క జాగ్రత్త తప్పదు: ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, కారితే కిందికే దిగి అక్కడే తిష్ఠ వేస్తుంది. అందుకని సిలిండర్లు ఆ మూత లోపలికి రాకూడదు. గ్యాసు పసిగట్టే అలారం కూడా అందుకే నేలకు జానెడెత్తులో ఉంటుంది.

పార్కులో నీటి పంపు ఎలా పనిచేస్తుందో చూస్తే మా అమ్మ మురిసిపోతుంది. మీట పైకెత్తితే నీళ్లొస్తాయి కానీ, అసలు వాల్వు ఉండేది ఆరేడు అడుగుల లోతున, మంచు దిగని మట్టిలో. మీట దించగానే నిలువు గొట్టంలో మిగిలిన నీరు కిందికి జారి మట్టిలో ఇంకిపోతుంది. పైన గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. అక్కణ్నుంచి ట్రైలర్ దాకా లోపల కరెంటు తీగ పరిచిన హీటెడ్ హోస్ వేస్తాం. పెద్దాయన దాన్ని నమ్మడు. అవసరమైనప్పుడు ట్యాంకు నింపుకుని, హోస్ ఊడదీసి, నీళ్లు ఒంపేసి లోపల పెట్టుకుంటాడు. కరెంటు పోయిన రాత్రి ఎవరి పద్ధతి గెలుస్తుందో చెప్పనక్కర్లేదు.

మురుగు సంగతి మర్యాదస్తులు మాట్లాడరంటారు. ట్రైలర్ పార్కులో పొద్దున్నే పలకరింపు అదే. వాడిన నీళ్ల వాల్వు తెరిచి వదిలేస్తే సౌకర్యంగానే ఉంటుంది, ఎప్పటివప్పుడు పోతుంటాయి. కానీ సన్నధార మైనస్ 20లో గొట్టం చివరికి చేరదు. పొర మీద పొర పేరుకుని, నాలుగు రోజులకు గొట్టం మొత్తం ఐసు దిమ్మవుతుంది. వాల్వు మూసి ఉంచి, ట్యాంకు నిండనిచ్చి, ఒక్కసారిగా వదలాలి. వాల్వు బిగుసుకుపోయిందా, బలం చూపించకూడదు. పిడి చేతికొచ్చేస్తుంది.

ఇప్పుడు పైన, గాలిలో నీళ్లు. తెలుగువాళ్ల వంటకు ఇక్కడ అసలు పరీక్ష. అన్నం వండితే ఆవిరి, పప్పు కుక్కరు విజిల్ వేస్తే ఆవిరి, రసం మరిగితే ఆవిరి. అది చాలదన్నట్టు స్టవ్వు మంటే నీళ్లు పుట్టిస్తుంది: కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీరు తయారవుతుంది. ఫర్నేసు తన పొగనూ తేమనూ గోడ బయటికి ఊదేస్తుంది, స్టవ్వు ఆ పని చేయదు. ఇద్దరు మనుషులు ఒక రాత్రి నిద్రలో వదిలే తేమే అర లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇదంతా ఎక్కడికి పోతుంది? ఎక్కడ చల్లగా ఉంటే అక్కడికి. కిటికీ అద్దం మీద చెమటలా పట్టి, అంచుల్లో ఐసవుతుంది. తలుపు చుట్టూ స్క్రూల తలల మీద లోపలి వైపే మంచు పూస్తుంది. కంటికి కనిపించేది నయం, తుడుచుకోవచ్చు. పరుపు కింద ప్లైవుడ్‌కూ, బయటి గోడనానుకున్న బీరువా మూలకూ పట్టేది కనపడదు. మార్చిలో చీర మడత విప్పితే నల్లమచ్చగా తేలుతుంది.

దీనికి మందు కిటికీ తెరవడం. పిచ్చిమాటలా ఉంటుంది కానీ లెక్క చూడండి. మైనస్ 25 దగ్గర ఘనపు మీటరు గాలి అర గ్రాముకు కాస్త మించి నీటిని మోయలేదు. అదే 20 డిగ్రీల గాలి 17 గ్రాములు మోస్తుంది. అంటే బయటి గాలి ఒట్టి ఎండిపోయిన గాలి. లోపలికి రానిచ్చి వెచ్చబెడితే, తేమను పీల్చుకుని పైకప్పు కిటికీలోంచి పోతుంది. అందుకే కుక్కరు పెట్టినంతసేపూ మా పైకిటికీ రెండు వేళ్ల సందు తెరిచి ఉంటుంది, వంటింటి ఫ్యాను తిరుగుతుంటుంది. కాస్త వేడి పోతుంది, పోనీ. పరుపు కింద పలకల చట్రం వేసి గాలి ఆడే సందు పెట్టాం. తడి బట్టలు ఇంట్లో ఆరేయడం నిషేధం. సాంబారు వారానికొకసారి. ఈ ఆఖరి నిబంధన మా ఆవిడ పెట్టింది, నేను ఒప్పుకోలేదు, అయినా అమల్లో ఉంది.

ఇడ్లీపిండి మాత్రం ఈ ఇంట్లో రాజభోగం అనుభవిస్తుంది. పులియడానికి దానికి ఎప్పుడూ వెచ్చటి చోటు కావాలి, ఆ చోటు ఫర్నేసు గాలి వచ్చే సందు పక్క అర. పిండి రుబ్బడమే చిక్కు. ఒకే ముప్పై ఆంపియర్ల తీగ మీద బతికే ఇల్లు ఇది, మొత్తం కలిపి 3,600 వాట్లు. రెండు హీటర్లు వేసి మూడోదిగా కెటిల్ పెడితే ట్రిప్పవుతుంది. గ్రైండరు తిరిగే పావుగంటా కరెంటు హీటర్లు ఆగాల్సిందే.

ఇలాంటి బండి కొనాలనుకుంటున్నామని ఈమధ్య ఇద్దరు ముగ్గురు రాశారు. పక్కన ‘ఫోర్ సీజన్’ అని స్టిక్కరు ఉంటే చాలా అని అడిగారు. చాలదు. ఆ మాటకు ప్రభుత్వం పెట్టిన కొలతేదీ లేదు, ఎవరి ట్రైలర్‌కు వాళ్లు అంటించుకుంటారు. సోఫాలూ టీవీ తర్వాత చూసుకోవచ్చు. ముందు నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరండి. అడుగు పూర్తిగా మూసి ఉందా, ట్యాంకుల వాల్వులు ఆ మూతకు లోపలున్నాయా బయట వేలాడుతున్నాయా, ఫర్నేసు గొట్టం అక్కడిదాకా వచ్చిందా చూడండి. షోరూములో సేల్స్‌మన్ వింతగా చూస్తాడు. చూడనివ్వండి, మీరు లేచేలోపు ధర కొంచెం తగ్గినా తగ్గుతుంది.