రెండు నెలలకని వెళ్లిన డాక్టర్

ఆఫ్రికా పల్లెల్లోని మిషన్ ఆసుపత్రులకు స్వచ్ఛందంగా వెళ్లే డాక్టర్లు చాలామంది కొద్ది వారాలకో, నెలలకో అనుకునే బయలుదేరతారు. కెనడా సర్జన్ లూసిల్ టీస్‌డేల్ కూడా 1961లో రెండు నెలలకనే ఉత్తర ఉగాండాలోని గులు పట్టణం పక్కనున్న లాకోర్‌కు వచ్చారు. కొంబోని మిషనరీలు అక్కడ 1959లో తెరిచిన సెయింట్ మేరీస్ ఆసుపత్రి అప్పటికి చాలా చిన్నది. దాన్ని నిలబెట్టే పనిలో ఉన్న ఇటలీ డాక్టర్ పియెరో కోర్తిని లూసిల్ పెళ్లాడి, అక్కడే ఉండిపోయారు. ఆమె చేసిన ఆపరేషన్లు 13 వేలకు పైమాటే.

ఇలాంటి చోట స్పెషలిస్టు అన్న మాట నిలవదు. పొద్దున హెర్నియా ఆపరేషన్ చేసిన చేతులే రాత్రి సిజేరియన్ చేయాలి. డాక్టర్ మాట రోగికి చేరేది అక్కడి అచోలీ భాష తెలిసిన నర్సు నోటనే. రోగికి వండిపెట్టేది, బట్టలు ఉతికేది వెంట వచ్చిన బంధువులు.

మందులు, పరికరాల కొరత కంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. నేర్చుకొచ్చిన చదువే ఒక్కోసారి అడ్డొస్తుంది. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న మూడేళ్ల పిల్లను తల్లి ఎత్తుకొస్తుంది. పిల్ల డొక్కలు ఎగరేస్తుంటుంది. పాదాలు చల్లబడి ఉంటాయి. అరచేయి విప్పి చూస్తే గీతల్లో కూడా ఎరుపు కనిపించదు. అలాంటి పిల్లకు గబగబా సెలైన్ ఎక్కించమని పెద్దాసుపత్రుల్లో నేర్పేవారు. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లోని ఆరు ఆసుపత్రుల్లో 3 వేలకు పైగా పిల్లలపై ఈ పద్ధతిని పరీక్షించారు. ఆ ఆరింటిలో లాకోర్ ఒకటి. 2011లో ఫలితాలు వచ్చాయి. సెలైన్ గానీ అల్బుమిన్ ద్రవం గానీ వేగంగా ఎక్కించిన పిల్లల్లో రెండు రోజుల్లోనే నూటికి పది మందికి పైగా చనిపోయారు. అలా ఎక్కించని పిల్లల్లో నూటికి ఏడుగురు. (విరేచనాలతో నీరసించిన పిల్లలు ఈ లెక్కలో లేరు, వాళ్లకు ద్రవాలు ఇవ్వాల్సిందే.) మలేరియాతో రక్తం తగ్గిపోయిన ఆ మూడేళ్ల పిల్లకు కావలసింది రక్తం, మలేరియా మందు ఆర్టెసునేట్ ఇంజెక్షన్. అందుకే కొత్తగా వచ్చిన డాక్టర్, ఎంత పేరున్నవారైనా, మొదటి కొన్ని రోజులు అక్కడి డాక్టర్ వెనక వార్డులో తిరగడం మంచిది.

రెండు వారాలకని వచ్చి వరసగా ఆపరేషన్లు చేసి వెళ్లిపోతే, కుట్లు విప్పే నాటికి ఆ డాక్టర్ ఉండరు. పుండు చీము పడితే చూసుకోవలసింది అక్కడివాళ్లే. వాళ్లకు పని నేర్పకుండా చేసే సేవ సగం సేవే.

లూసిల్, కోర్తి దంపతులు ఈ సంగతి గట్టిగా పట్టుకున్నారు. ఉగాండా అంతర్యుద్ధంలో గాయపడ్డవారికి ఆపరేషన్లు చేస్తూ చెయ్యి తెగి లూసిల్‌కు హెచ్ఐవీ సోకింది. 1985లో ఆ విషయం బయటపడింది. 1996లో ఆమె కన్నుమూశారు. అప్పటికే ఉగాండా డాక్టర్ మాథ్యూ లుక్వియా ఆసుపత్రి బాధ్యత తలకెత్తుకుని ఉన్నారు. 2000 అక్టోబర్‌లో ఆసుపత్రిలోని నర్సింగ్ విద్యార్థులు వరసగా చనిపోతున్నారని కబురొస్తే కంపాలాలో చదువు వదిలి వచ్చి, కేస్ షీట్లు తిరగేసి అది ఎబోలా కావచ్చని పసిగట్టారు. నర్సులతో కలిసి ఎబోలా వార్డులోనే పనిచేశారు. డిసెంబర్ 5న అదే జబ్బుతో చనిపోయారు. ఆసుపత్రి ఆవరణలో లూసిల్ సమాధి పక్కనే ఆయన సమాధి ఉంది.

ఇప్పుడు లాకోర్‌ను నడుపుతున్నది ఉగాండా డాక్టర్లు, నర్సులే.