అత్తగారికి ‘గారు’ ఎందుకు?

భానుమతీ రామకృష్ణ పేరు చెప్పగానే మన విద్యార్థులకు మొదట పాట గుర్తుకు వస్తుంది, ఆ తరువాత ‘మల్లీశ్వరి’ (1951). రాయకోట, హోసూరు ప్రాంతాలలో తమిళ చిత్రాలు చూస్తూ పెరిగినవారు ‘మదురై వీరన్’ (1956), ‘అన్నై’ (1962) కూడా చెబుతారు. ‘అత్తగారి కథలు’ ప్రస్తావన వచ్చేసరికి మూడో మాటో నాలుగో మాటో అవుతుంది. తారామణి తీరిక వేళ రాసుకున్నవి కదా అన్న చిన్నచూపు ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆ పుస్తకాన్ని సత్కరించినా అది పూర్తిగా పోలేదు. ఆమె నటన, రచన రెండూ ఒకే హాస్యదృష్టికి చెందినవని, రచనలోనే ఆ దృష్టి మరింత పదునుగా ఉన్నదని మా అభిప్రాయం.

ఆమె 1925లో ఒంగోలు దాపున దొడ్డవరంలో పుట్టారు. ‘వరవిక్రయం’తో 1939లో తెరకెక్కారు. కాపురం, స్టూడియో, రచన అన్నీ మద్రాసులోనే. ‘చండీరాణి’ని (1953) తెలుగు, తమిళ, హిందీ భాషలలో తానే దర్శకత్వం వహించి తీశారు. మరుసటి ఏడు వచ్చిన ‘చక్రపాణి’ అచ్చమైన హాస్యచిత్రం. పిసినారి తాతగారి సొమ్ము కోసం ఇరుగింటి బిడ్డను తన బిడ్డగా, ఒక పరాయివాణ్ణి తన భర్తగా చూపవలసి వచ్చిన మనవరాలి పాత్ర ఆమెది. అబద్ధం పెరిగిన కొద్దీ ఆ ముఖం గంభీరమవుతుంది. ఎదుటివాళ్లు గాభరాపడుతుంటే తాను నవ్వదు. ఈ నవ్వకపోవడమే కథలలో కోడలి గొంతు అయింది.

‘అత్తగారి కథలు’ చెప్పేది కోడలు. మడి, ఆచారం, ఆవకాయ జాడీలు, పొదుపు, లోకజ్ఞానం మీద అపారమైన ధీమా – ఇవన్నీ అత్తగారివి. కోడలు చదువుకున్న మనిషి, ఎదురు చెప్పదు. చూస్తుంది, చెబుతుంది. హాస్యం ఎక్కడ పుడుతోంది అని అడిగితే విద్యార్థులు సాధారణంగా అత్తగారి చాదస్తాన్ని చూపిస్తారు. చాదస్తం మన ఇళ్లలోనూ కావలసినంత ఉంది. దానికి ‘గారు’ అంటిపెట్టుకుని ఉండడంలో ఉంది అసలు కీలకం. “పాలు విరగడానికి కారణం పక్కింటి పిల్లి చూపేనని అత్తగారు సెలవిచ్చారు” అన్న వాక్యం తీసుకోండి (ఇది మేము కల్పించినది, ఆమెది కాదు). ‘సెలవిచ్చారు’ను ‘అంది’ చేస్తే మిగిలేది ఫిర్యాదు. గౌరవ బహువచనం ఉన్నంతసేపు కోడలిని ఎవరూ తప్పు పట్టలేరు, అత్తగారూ తప్పించుకోలేరు. వ్యాకరణమే వ్యంగ్యానికి ముసుగు.

మన ప్రాంతంవారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. మేనరికాలు మామూలైన ఇళ్లలో మేనత్తే అత్త అవుతుంది. పుట్టినప్పటి నుంచి ‘అత్తా’ అని పిలిచిన మనిషికి పెళ్లి మర్నాడు ‘గారు’ తగిలించడం ఎవరికీ నోట రాదు. అందుచేత ఆ మాటలోని దూరం మన విద్యార్థి చెవికి వెంటనే తగలదు. తమిళ ‘మామియార్’లోని ‘ఆర్’ను గుర్తు చేస్తే చప్పున అర్థమవుతుంది. రెండు భాషలు తెలిసిన పాఠకుడికి ఇది లోటు కాదు, లాభం. ఇంగ్లీషుకు ఈ సౌకర్యం లేదు. తన హాస్యాన్ని తానే రాసుకుని తానే నటించిన ఇంగ్లండు నటి విక్టోరియా వుడ్ (1953–2016) ‘డిన్నర్‌లేడీస్’ (1998–2000) అనే టెలివిజన్ ధారావాహికలో ఒక కర్మాగారం క్యాంటీన్ ఆడవాళ్ల కబుర్లు వినిపించారు. ఆమె నవ్వు తినుబండారాల పేర్లలో, వాక్యం చివర పడే అల్పమైన మాటలో ఉంటుంది. క్రియారూపం అక్కడ సాయపడదు.

సూర్యకాంతం తెరమీద స్థిరపరచిన గయ్యాళి అత్త పక్కన భానుమతి అత్తగారిని నిలిపి చూడడం రివాజు. ఆ పోలిక కొంతవరకే పనికివస్తుంది. గయ్యాళికి చివర బుద్ధి రావాలి. ఈ అత్తగారికి బుద్ధి చెప్పాలని కథ అనుకోదు, కోడలూ అనుకోదు. అయితే లోపాలు లేవని కాదు. కలిగిన ఇంటి గడప దాటి ఈ కథలు ఎక్కువ దూరం పోవు. వరసపెట్టి చదివితే కొన్నిచోట్ల ఒకే కీలు మళ్లీ తిప్పినట్టుంటుంది.

తరువాత నటి వయసు రచయిత్రి పాత్రను అందుకున్నది. భారతీరాజా ‘మణ్ వాసనై’ (1983) ఆధారంగా కోడి రామకృష్ణ తీసిన ‘మంగమ్మగారి మనవడు’లో (1984) ఆమె నాయనమ్మ. ‘గారు’ అనే కోడలు ఇప్పుడు ‘గారు’ అనిపించుకునే పెద్దమ్మ అయింది. గద్దింపు, దర్పం, ఆ కంచుకంఠం జనానికి బాగా నచ్చాయి. నటిగా ఆమె ఆ పాత్రను అవలీలగా మోశారు. కానీ పక్కన నిలబడి కళ్లు దించుకుని గమనించే ఆ రెండో మనిషి తెరమీద లేదు. అది లేని చోట అత్తగారు అరిచే పాత్ర మాత్రమే అవుతారు. ఆపైన వచ్చిన కొన్ని అత్త, బామ్మ పాత్రలకు జరిగింది అదే.

ఈ రెండు సినిమాలూ మన ప్రాంతంలో రెండు భాషలవారికీ తెలిసినవే. వాటిని చూసినవారు ఆవకాయ కథను ఒకసారి పైకి చదవండి, మరోసారి ‘అన్నారు’ వచ్చిన ప్రతిచోటా ‘అంది’ పెట్టి చదవండి. ఎక్కడ నవ్వు ఆగిపోయిందో అక్కడ పెన్సిలుతో గీత గీయండి.