పని కనిపించే ఎయిర్‌పోర్టు

శంషాబాద్ గురించి మాట్లాడేవాళ్లు క్యూల గురించో, కాఫీ ధర గురించో, గేటు దాకా నడవాల్సిన దూరం గురించో చెబుతారు. రాజమండ్రి విమానాశ్రయమున్న మధురపూడి గురించి మాట్లాడే గోదావరి జిల్లాలవాళ్లు విమానం గురించే చెబుతారు. ఎటు నుంచి దిగింది, ఎక్కడ ఆగింది, మెట్లు ఎలా కిందికి వాలాయి, సామాను ఎవరు దించారు అన్నవే వాళ్ల కబుర్లు. అక్కడ ఉద్యోగం చేసినవాళ్లదీ, చుట్టాన్ని ఎక్కించడానికి వెళ్లి కంచె పట్టుకు నిలబడినవాళ్లదీ ఇదే ధోరణి. పాతరోజుల మీద మమకారమని దీన్ని కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం కారణం వేరే కనిపిస్తుంది. చిన్న విమానాశ్రయంలో పని కంటికి ఆనుతుంది, అందుకే అది మనసులో ఉండిపోతుంది. ఎవరూ ప్లాను గీసి ఇచ్చిన సౌకర్యం కాదది, చిన్నదవడం వల్ల దానంతటది కలిసొచ్చింది. మధురపూడి పెద్దదవుతున్న ఈ సమయంలో దాన్ని పనిగట్టుకుని నిలుపుకోకపోతే చేజారిపోతుంది.

ఏ విమానాశ్రయానికైనా రన్‌వే పొడవే తలరాత. 1981లో పుట్టిన వాయుదూత్ సంస్థ రాజమండ్రి లాంటి ఊళ్లను చిన్న విమానాలతో కలపాలని చూసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మధురపూడి రన్‌వే 1,750 మీటర్ల దగ్గరే ఉండిపోవడంతో ఏటీఆర్ లాంటి పంకాల విమానాలే ఇక్కడికి దిక్కయ్యాయి. ఏటీఆర్ తయారీలోనే ఓ చిత్రముంది. దాని వెనక తలుపే మెట్లుగా మారి కిందికి వాలుతుంది, నిచ్చెన బండి అక్కర్లేదు. సామాను తలుపు ముందువైపు ఉంటుంది. నేల మీద ఉండగా కరెంటు కోసం పెద్ద విమానాలకు తోకలో వేరే చిన్న ఇంజిను ఉంటుంది. ఏటీఆర్‌కు అది లేదు కాబట్టి కుడి ఇంజిను పంకాను బ్రేకు వేసి ఆపి, ఇంజినును మాత్రం నడుపుతూ కరెంటు తీసుకుంటారు. జనం ఎక్కడం దిగడం, సామాను మార్పిడి ఎక్కువగా ఎడమవైపే సాగుతాయి. అరగంటలో జరిగే ఆ తతంగమంతా దూరాన నిలబడినవాడికి కూడా ఒకే చూపులో అందుతుంది. టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిపించే ఏరోబ్రిడ్జి వస్తే అదంతా గోడ వెనక్కి పోతుంది.

కనిపించేదంటే విమానమొక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న మనుషులు కూడా. రన్‌వే మీద ఏ మూలకైనా మూడు నిమిషాలు దాటకుండా ఫైరింజన్ చేరాలన్నది అంతర్జాతీయ నియమం. రోజుకు వచ్చేవి నాలుగు విమానాలే అయినా ఆ నియమం సడలదు. అంటే ఆ సిబ్బంది పనంతా రాకూడని రోజు కోసం రోజూ సిద్ధంగా ఉండటమే. పొద్దున్నే మంచు కమ్మినప్పుడు, దూరం ముందే తెలిసిన గుర్తుల్లో ఏది కనిపిస్తోందో, ఏది కనిపించడం లేదో చూసి దృశ్యదూరం చెప్పే వాతావరణ పరిశీలకులుంటారు. పక్షుల్ని తోలేవాళ్లు, గడ్డి కోయించేవాళ్లు, టవర్‌లో కూర్చుని సముద్రం మీది చమురు బావులకు వెళ్లే హెలికాప్టర్లకూ ప్రయాణికుల విమానానికీ మధ్య వేళలు సర్దేవాళ్లు ఉంటారు. పెద్ద విమానాశ్రయంలో వీళ్లంతా ఉంటారు కానీ మనకు వాళ్లు స్క్రీన్ మీద ‘ఆలస్యం’ అన్న ఒక్క మాటగా మిగులుతారు. చిన్నదాంట్లో ఆలస్యానికి కారణం కళ్లెదుటే ఉంటుంది. కారణం కనిపిస్తే కోపం పూర్తిగా పోకపోయినా కనీసం చల్లారుతుంది.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం బలమైనదే. చిన్నదనాన్ని మెచ్చుకోవడమంటే లేమిని అలంకరించడం కాదా? సర్వీసు ఉందో లేదో తెలియని రోజులు, హైదరాబాద్ వెళ్లి మారితే తప్ప ఢిల్లీ చేరలేని అవస్థ ఎవరికి కావాలి? నిజమే. చిన్న విమానాశ్రయాల పరిస్థితి ఎంత బలహీనమో, చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి పెట్టిన ఉడాన్ పథకంపై 2023లో వచ్చిన కాగ్ నివేదిక చెప్పింది. కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మధురపూడి ఆ గతి తప్పించుకుంది. రన్‌వే 3,165 మీటర్లకు పెరిగింది, 2024 డిసెంబర్‌లో ముంబైకీ ఢిల్లీకీ నేరుగా సర్వీసులు వచ్చాయి, సుమారు రూ.347 కోట్లతో కొత్త టెర్మినల్ మొదలైంది. పోలవరం నుంచి కొవ్వూరు మీదుగా గోదావరి దాటి వచ్చే ప్రయాణికుడికి ఇది మంచి వార్త. పెరగొద్దని నేననడం లేదు. పెరిగేటప్పుడు పని కనిపించే చోటు ఒకటి ఉంచమంటున్నాను.

రెండో అభ్యంతరం భద్రత. మన దగ్గర సందర్శకుల టికెట్లుండేవి, పంద్రాగస్టు, జనవరి 26 దగ్గరపడితే ఆపేసేవారు. ముప్పును తేలిగ్గా తీసుకోమని ఎవరూ చెప్పలేరు. అయితే చూడటం వేరు, లోపలికి రావడం వేరు. మనకంటే ఎన్నో రెట్లు రద్దీగా ఉండే టోక్యో హనేదాలో విమానాలు చూసే డాబాలున్నాయి. జ్యూరిక్‌లో తనిఖీ చేసి, టికెట్ తీసుకుని మరీ పైకి పంపుతారు. తనిఖీ తర్వాత అద్దం వెనక నిలబడే మనిషి, టెర్మినల్‌లో తిరిగే ప్రయాణికుడి కన్నా ఎక్కువ ప్రమాదమెలా అవుతాడు?

ఇక చూసి ఏం ప్రయోజనమని అడిగేవాళ్లకు జవాబు గోదావరి మీది పోలవరం ప్రాజెక్టులోనే ఉంది. 2018లో ప్రభుత్వం రైతుల్ని బస్సులెక్కించి తీసుకెళ్లి ప్రాజెక్టు పనులు చూపించింది. అది ప్రచారమన్న విమర్శలో నిజం లేకపోలేదు. అయినా ఆ చూడటం ఊరికే పోలేదు. స్పిల్‌వే, కాఫర్ డ్యామ్ అన్నవి ఇంజినీర్ల నోటి నుంచి టీ కొట్టు కబుర్లలోకి వచ్చాయి. డయాఫ్రమ్ వాల్ దెబ్బతిందని తెలిసినప్పుడు అదేమిటో, ఎక్కడుంటుందో తెలిసి ప్రశ్నించినవాళ్లు జిల్లాలో కనిపించారు. ధవళేశ్వరం ఆనకట్టనీ, హేవలాక్ వంతెననీ చూడ్డానికి పిల్లల్ని వెంటబెట్టుకెళ్లే అలవాటు గోదావరివాళ్లకు ఎప్పటినుంచో ఉంది. ప్రజల డబ్బుతో కట్టినదాని పనితీరు తెలిసినవాళ్లే దాని తప్పొప్పుల్ని సూటిగా అడగగలరు. పైగా విమానమంటే పైలట్, ఎయిర్ హోస్టెస్ అన్నంతవరకే తెలిసిన పిల్లలకు నేల మీద ఎన్నిరకాల ఉద్యోగాలున్నాయో చెప్పడానికి పాఠం కంటే ఒక పూట చూడటం మేలు.

ఖర్చు సంగతి అంటారా, రూ.347 కోట్ల భవనంలో ఒక అద్దాల వరండా, విడి మెట్లదారి, ఒక తనిఖీ బల్ల ఎంతో భారం కాదు. వారంలో రెండు పూటలు ప్రభుత్వ బడులకు ఉచితంగా, మిగతా రోజుల్లో చిన్న రుసుముతో నడపొచ్చు. ఈ విమానాశ్రయంలో పనిచేసి రిటైరైనవాళ్లనే అక్కడ వివరించేవాళ్లుగా పెట్టొచ్చు. ప్రయాణికుల సంఖ్య పెరిగాక చూద్దామంటే కుదరదు, అప్పటికి ఆ చోటును దుకాణాలు ఆక్రమిస్తాయి. అడగాల్సిందేదో జిల్లా ప్రజలు, ప్రజాప్రతినిధులు ఇప్పుడే అడగాలి.