ఆడుతున్నాం, పాడుతున్నామా?

పదిహేడేళ్ల తర్వాత బతుకమ్మకి హైదరాబాద్‌లో ఉన్నాను. అమెరికాలో ఒక స్కూలు హాల్లో, సగం ప్లాస్టిక్ పూలతో పేర్చుకుని ఆడేవాళ్లం. ఈసారి అసలైన తంగేడు, గునుగు చూస్తానన్న ఆశతో గచ్చిబౌలిలోని చెల్లెలి అపార్ట్‌మెంట్‌కి వచ్చాను. పూలు అసలైనవే. తేడా పాటలో వచ్చింది.

సద్దుల బతుకమ్మ నాడు క్లబ్‌హౌస్ ముందు రెండు పెద్ద స్పీకర్లు పెట్టారు. డీజే రికార్డు పాటలు వేస్తుంటే చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగాం. ఒక్కరి నోరూ మెదల్లేదు. ఊళ్లో ఏళ్ల తరబడి పాట ఎత్తిన మా అమ్మ కుర్చీలో కూర్చుని చూసి, "ఆడుతున్నరు గని పాడుతలేరు బిడ్డా" అంది.

ఇది పెద్దవాళ్ల బెంగ మాత్రమే కాదు. బతుకమ్మ పాట నిర్మాణం చూడండి. ఒకామె పాదం ఎత్తుతుంది, మిగతావాళ్లు 'ఉయ్యాలో' అని అందుకుంటారు. వాళ్లు అందుకునే ఆ కాస్త వ్యవధిలో ఎత్తే మనిషి తర్వాతి పాదం కట్టుకుంటుంది. అత్తింటి ఆరళ్లు, తీసుకుపోవడానికి రాని అన్న, ఎండిన చెరువు అన్నీ ఆ సందులోంచే పాటలోకి వచ్చాయి. అచ్చులో చోటు దొరకని స్త్రీలకి అదే ప్రచురణ. రికార్డు పాటలో ఆ సందు లేదు. పాదాలన్నీ ఎవరో ముందే కట్టేసి ఉంటారు.

తెలంగాణ ఉద్యమంలో రోడ్ల మీద ఆడిన బతుకమ్మ నిరసన రూపం. 2014లో రాష్ట్ర పండుగయింది. ఐటీ ఆఫీసుల్లో అది పోటీగా, బహుమతిగా మారింది. ట్రినిడాడ్ కార్నివాల్‌లో 'కాలిప్సో కింగ్' అనే బిరుదుండేది. 1978లో కాలిప్సో రోజ్ అనే గాయని గెలవడంతో దాన్ని 'కాలిప్సో మోనార్క్'గా మార్చారు. అక్కడ మగవాళ్ల వేదిక మీద ఒక స్త్రీ గొంతు బిరుదు పేరునే మార్పించింది. ఇక్కడ మొదటినుంచీ మనదే అయిన పాటని మనమే యంత్రానికి అప్పగించాం.

అలాగని పాత బతుకమ్మని బంగారం చేసి చూపలేను. మా ఊళ్లో దళిత స్త్రీలు వేరుగా ఆడుకునేవాళ్లు. నాన్న పోయాక అమ్మ పాట ఎత్తేది గానీ, పసుపుకుంకుమలు ఇచ్చిపుచ్చుకునే వేళకి పక్కకి జరిగేది. గొంతు కావాలి, మనిషి అక్కర్లేదు. గేటెడ్ కమ్యూనిటీలోనూ ఆ గీత చెరగలేదు. పొద్దున్నుంచీ కాడలు తుంచి పూలు పేర్చిన, చెల్లెలింట్లో పనిచేసే ఆమె ఆట మొదలయ్యేసరికి గిన్నెల దగ్గరుంది.

రాత్రి పదికి స్పీకర్లు ఆపారు. నిమజ్జనానికి పదిమందిమి మిగిలాం. అమ్మ నెమ్మదిగా ఒక పాదం ఎత్తి, రెండోది మరిచిపోయి ఆగింది. చేతులు తుడుచుకుంటూ వచ్చిన ఆ పనిచేసే ఆమె అందుకుంది. ఆమె ఊరి పాట వేరు, మాటలు వేరు. అయినా ఇద్దరికీ కుదిరింది. మేం చాలా ఏళ్ల తర్వాత నోరు విప్పి పాడాం.

తర్వాత పసుపు పళ్లెం వచ్చింది. అమ్మ అలవాటుగా పక్కకి జరిగింది. ఇంత విమర్శ రాస్తున్న నేను కూడా ఆ క్షణాన ఆమె చెయ్యి పట్టుకుని ఆపలేదు.