టోఫు కారు, టమాటా బండి

ఒకసారి పుంగనూరులో బస్సు తప్పిపోయి, మదనపల్లె మార్కెట్టుకు పోతున్న టమాటా బండి ఎక్కాను. వెనక పైదాకా బాక్సులు. డ్రైవరు అరవై దాటిన మనిషి. ప్రతి మలుపుకూ చాలా ముందుగానే బ్రేకు మీద కాలు అదిమేవాడు, బండి మలుపులో దిగేసరికి కాలు తీసేసేవాడు. బండి ఒంగేదే తప్ప కుదిపేది కాదు. అంత ముందు నుంచే ఎందుకని అడిగాను. "మలుపులో బ్రేకు తొక్కితే బరువంతా ఒక పక్కకి పడతాది నైనా. కింద బాక్సు ఇంక పచ్చడే" అన్నాడు.

ఆ ఒక్క మాటలో డ్రిఫ్టింగ్ శాస్త్రం సగం ఉందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. బ్రేకు పడగానే బరువు ముందుకు దూకుతుంది. ముందు చక్రాలు రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి, వెనక చక్రాలు తేలికవుతాయి. సరిగ్గా ఆ క్షణంలో స్టీరింగ్ తిప్పితే వెనక భాగం పట్టు వదిలి బయటికి జారుతుంది. మా టమాటా డ్రైవరు ఏది జరగకూడదని అంత జాగ్రత్త పడ్డాడో, డ్రిఫ్ట్ డ్రైవరు దాన్నే కావాలని జరిపిస్తాడు. జరిపించి, జారుతున్న కారును అదే వాలులో పట్టి ఉంచి, మలుపు చివరిదాకా నడిపిస్తాడు. బండి జారిపోవడం ఎవరికైనా జరిగేదే. వానాకాలంలో హార్సిలీ హిల్స్ ఘాట్ ఎక్కినవాళ్లను అడిగితే చెబుతారు. జార్చడం మాత్రం పనితనం.

ఆ పనితనాన్ని లోకానికి చూపించినవాడు జపాన్‌కు చెందిన కెయిచి త్సుచియా. 1956లో నగానో కొండ ప్రాంతంలో పుట్టాడు. చాలామంది రేసు డ్రైవర్లలా చిన్నప్పటినుంచీ కార్టింగ్ ట్రాకుల మీద పెరిగినవాడు కాదు. కొండదారుల మీద, అదీ రాత్రిపూట, సొంతంగా నేర్చుకున్నాడు. జపాన్‌వాళ్లు ఆ కనుమదారుల్ని 'తోగె' అంటారు. మొగిలి ఘాట్‌లాంటివే అనుకోండి, ఇంకా ఇరుకు, ఇంకా మెలికలు. స్టీరింగు మనకులాగే కుడిపక్కన, నడక మనకులాగే ఎడమవైపున. కాబట్టి ఆయన వీడియోలు చూసేటప్పుడు మనం ఏదీ తిరగేసుకుని ఊహించుకోనక్కర్లేదు.

ఆయనకూ ఒక ఆరాధ్యుడున్నాడు, కునిమిత్సు తకహాషి. 1961లో మోటారుసైకిల్ గ్రాండ్ ప్రి గెలిచిన మొదటి జపాన్ రైడర్ ఆయన. మరుసటి ఏడాది ఐల్ ఆఫ్ మ్యాన్ పోటీలో పడి ప్రాణాపాయం తప్పించుకుని, తర్వాత కార్ల పోటీలకు మళ్లాడు. మలుపు మధ్యకు చేరకముందే కారును ఏటవాలుగా జార్చి, టైర్లు పొగలు కక్కుతుండగా దాటేవాడు. జనం దానికోసమే వచ్చేవారు. రేసు ట్రాకు మీది ఆ పద్ధతిని త్సుచియా కొండదారికి తెచ్చుకుని సానబెట్టాడు.

ఆయన చేతిలోని పనిముట్టు గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. టొయోటా ఏఈ86. జపనీస్‌లో 'హచిరోకు', అంటే ఎనిమిది ఆరు. 1983లో మార్కెట్లోకి వచ్చిన మామూలు చిన్న కారు. 1.6 లీటర్ల ఇంజిను, 130 గుర్రాల బలం, టన్నుకు కాస్త తక్కువ బరువు. బలం వెళ్లేది వెనక చక్రాలకు. కీలకమంతా అక్కడే ఉంది. మనవాళ్లు ఇప్పుడు నడిపే చిన్న కార్లన్నీ దాదాపు ముందు చక్రాలతో లాగేవే. వాటి వెనక భాగాన్ని హ్యాండ్ బ్రేకుతో ఒక్కసారి జార్చవచ్చేమో గానీ, యాక్సిలరేటరుతో ఆ జారుడును నిలబెట్టలేం. ఆ లెక్కన పాత అంబాసిడరూ, పాలు కూరగాయలు మోసిన ఓమ్నీ వ్యానూ, సందుల్లో తిరిగే టాటా ఏసూ హచిరోకుకు దూరపు చుట్టాలు. ఈ మాటంటే కారు పిచ్చి ఉన్న కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీండి, చక్రాల లెక్క నిజమే.

హచిరోకుకు ఎత్తు ఎక్కేటప్పుడు బలం చాలదు. అందుకే త్సుచియా దిగుడులో నడిపేవాడు. దిగేటప్పుడు ఇంజిను బలం కంటే బరువును ఎటు పంపాలో తెలియడం ముఖ్యం. వాలుదారి గుర్రాల కొరతను కప్పేస్తుంది.

'హాట్ వెర్షన్' అనే జపాన్ వీడియో పత్రికలో ఆయన పాదాల దగ్గర కెమెరా పెట్టి తీసిన దృశ్యాలు చాలా ఉన్నాయి. నాకు ముఖం కంటే ఆ పాదాలే ఇష్టం. కుడికాలి ముందుభాగం బ్రేకు మీద ఉంటుంది. అదే పాదం అంచు పక్కకు ఒరిగి యాక్సిలరేటరును ఒక్కసారి తట్టి వదులుతుంది. ఆ అర క్షణంలో ఎడమకాలు క్లచ్ నొక్కడం, చెయ్యి గేరు దించడం కూడా అయిపోతాయి. ఇంజిను వేగం, చక్రాల వేగం కలిసిపోవడంతో కారుకు కుదుపు తెలియదు. మూడు పెడళ్లకు రెండు కాళ్లు, అయినా ఎక్కడా తొందర కనబడదు. మృదంగం మీద వేళ్లు ఆడినట్టు ఉంటుంది.

తర్వాత చేతులు. వెనక భాగం బయటికి జారగానే కొత్తవాడు స్టీరింగును బిగబట్టి ఎదురు తిప్పబోతాడు. త్సుచియా పట్టు సడలిస్తాడు. జారుతున్న దిక్కుకు ముందు చక్రాలు తమంతట తామే తిరగాలని చూస్తాయి, స్టీరింగు అరచేతుల్లోంచి గిర్రున జారుతుంది. కావలసిన చోట వేళ్లు దాన్ని ఆపుతాయి. మలుపు ఎడమకు, చక్రాలు కుడికి, కారు ముక్కు కొండవైపు, నడక మాత్రం దారివెంటే. అక్కడినుంచి కారును నడిపేది కుడికాలు. కాస్త ఎక్కువ తొక్కితే కారు గిర్రున తిరిగి వెనక్కి చూస్తుంది. కాస్త తగ్గిస్తే టైర్లకు హఠాత్తుగా పట్టు చిక్కి కారు వ్యతిరేక దిక్కుకు విసురుగా తిరుగుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న సన్నటి సందులో ఆయన కారు మలుపంతా నడుస్తుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. తారు రోడ్డు మీద డ్రిఫ్ట్ వేగమైన పద్ధతి కాదు. పట్టు వదలకుండా పోయేవాడే ముందు చేరతాడు. త్సుచియాకు అది తెలియక కాదు. అందుకే డ్రిఫ్ట్ పోటీలో గడియారం చూడరు. కారు ఏ గీత వెంట పోయింది, ఎంత కోణంలో వాలింది, ఎంత ధీమాగా దిగింది అని న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. తర్వాత ఇద్దరిని జంటగా వదులుతారు. ముందు కారు తప్పు చేయకూడదు, వెనక కారు దాని తలుపును ముద్దాడేంత దగ్గరగా అదే కోణంలో అంటుకుని రావాలి. నాట్యానికి మార్కులు వేసినట్టే. పత్రికా సంపాదకుడు దైజిరో ఇనదాతో కలిసి 2000లో త్సుచియా మొదలుపెట్టిన డీవన్ పోటీలే దీనికి పునాది. 2004కల్లా అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ వచ్చింది. 2016లో యూఏఈలోని ఫుజైరాలో జపాన్ డ్రైవరు మసాతో కవబాత గంటకు 304.96 కిలోమీటర్ల వేగంలో కారును ముప్పై డిగ్రీలు వాల్చి గిన్నిస్‌కెక్కాడు. రికార్డు ఘనమైనదే. నాకైతే 130 గుర్రాల కారు దిగుడులో చేసిన పనే ఎక్కువ ముచ్చటేస్తుంది.

కొండదారి పనితనానికి త్సుచియా మూల్యం చెల్లించాడు. 1987లో వచ్చిన 'ప్లస్‌పీ' వీడియోలో రోడ్డు మీద చేసిన డ్రిఫ్ట్ ఊరూరా పాకింది. దానికి ఆయన లైసెన్సు సస్పెండ్ అయింది. మన దగ్గరా మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద పందెం నేరం. ఎదురుగా వచ్చే స్కూలు ఆటోకు మన కోణం, మన గీత తెలియవు కదా.

ఆయన ఆశ మాత్రం కొండ దగ్గర ఆగలేదు. 1995లో లె మాన్స్ 24 గంటల రేసులో హోండా ఎన్ఎస్ఎక్స్ నడిపి తన తరగతిలో గెలిచాడు, మొత్తం మీద ఎనిమిదో స్థానం. ఆ కారును వంతులవారీగా నడిపిన ముగ్గురిలో ఒకరు అకిరా ఈదా, మరొకరు యాభై అయిదేళ్ల తకహాషి. ఎవర్ని చూసి జార్చడం నేర్చాడో ఆయనతోనే సీటు పంచుకున్నాడు. 1999లో టొయోటాతో అక్కడే రెండో స్థానం. గెలుపు వైపు దూసుకుపోతుండగా టైరు పగిలింది.

ఈ దారిలో పోవాలనుకునే మా ప్రాంతం పిల్లలకు భూగోళం మరీ అన్యాయం చేయలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటినీ 42వ నంబరు జాతీయ రహదారి ఒకే దారానికి గుచ్చింది. అది కృష్ణగిరిలో చెన్నై రోడ్డును కలుస్తుంది. ఆ రోడ్డు మీదే శ్రీపెరుంబుదూరు దాటగానే ఇరుంగాట్టుకోట్టై ట్రాకు. పోటీ లైసెన్సు ఇచ్చేది మోటారు క్రీడల జాతీయ సమాఖ్య. మట్టిదారి ర్యాలీలో గౌరవ్ గిల్ చేసేదీ ఈ జార్చే పనే. ఆసియా పసిఫిక్ ర్యాలీని మూడుసార్లు గెలిచి, 2019లో అర్జున పురస్కారం అందుకున్న తొలి మోటారు క్రీడాకారుడయ్యాడు. కష్టమల్లా ఖర్చుతోనే. సాధనలో ఒక జత వెనక టైర్లు అరగడానికి పూటైనా పట్టదు.

షుయిచి షిగెనో 1995లో మొదలుపెట్టిన 'ఇనిషియల్ డి' బొమ్మల కథలో తకుమి అనే కుర్రాడు తెల్లవారుజామున హచిరోకులో టోఫు మోస్తాడు. టోఫు అంటే మన పనీరులాంటిదే, ఇంకా సుకుమారం. చితక్కూడదని వాళ్ల నాన్న కారులో గ్లాసుడు నీళ్లు పెట్టి పంపుతాడు. నీళ్లు అంచు చుట్టూ తిరగవచ్చు, ఒలకకూడదు. ఆ కథను యానిమేషన్‌గా తీసినప్పుడు డ్రైవింగు సంగతులు సరిచూసింది త్సుచియానే. అది చూస్తున్నంతసేపూ నాకు మా టమాటా డ్రైవరే గుర్తొచ్చాడు. ఆ రోజు మార్కెట్టు చేరగానే ఆయన నా డబ్బులు తీసుకోకముందే వెనక్కి నడిచి, టార్పాలిన్ ఎత్తి, అడుగు బాక్సులోకి చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాడు.