మకుటము – కవిముద్ర – శ్రోత

శతకమునకు సంఖ్యానియమ మెట్టిదో మకుటనియమమును అట్టిదే. విడివిడిగా నిలువగల ముక్తకములు ప్రతిపద్యాంతమున నొకే సంబోధనము వచ్చుటచే ఒక్క కవి సొత్తుగా కూడుచున్నవి. అందువలన మకుటము కవిముద్ర యనియు, అది గల పద్యము ఆ కవిదే యనియు తలంచుట పరిపాటి యైనది. ఈ తలంపు ఎంతవరకు నిలుచునో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

మకుటమున నున్న పేరు ఎవరిదను ప్రశ్నతో ఆరంభింతము. శతకములను ఈ దృష్టితో చూచినచో మూడు తెరగులు కానవచ్చును. దాశరథీశతకమున కంచెర్ల గోపన్న పిలిచినది దైవమును. ఆ పిలుపున కవి పేరు లేదు. సుమతీశతకమున పిలువబడినది బుద్ధిమంతుడైన శ్రోత. వేమన పద్యములలో మాత్రము మకుటమున నిలిచినది కవి పేరే. ధర్మపురి శేషప్పకవి నరసింహశతకము మొదటి తెరగునకు చెందినదే యైనను, దాని మకుటమున ఆయన తన పేరునకు మారుగా తన యూరి పేరును నిలిపినాడు. ఆ పేరు విన్నంతనే గోదావరి యొడ్డున నున్న క్షేత్రము కన్నులకు కట్టును. నేడు హైదరాబాదునకు పడమట మోకిల, మొయినాబాదు దారులలో వెలసిన గృహసముదాయముల ద్వారములపై పరదేశపు పేర్లు కానవచ్చుచున్నవి. అవి కొనువానిని పిలుచునే కాని ఆ నేలను గూర్చి యేమియు చెప్పవు. ముద్రకును, ప్రకటనకును గల భేదము ఇట్టిది.

ఇక వేమన. మకుటమునకు కారణముగా అభిరాముడను కంసాలి కథ యొకటి ప్రచారమున నున్నది. అది సత్యమైనను కాకున్నను, వ్యాకరణము చెప్పు మాట యొకటి గలదు. వేమన పేరు అచ్చట సంబోధనమున నున్నది. అనగా ఆ పేరు చెప్పువానిగా గాక వినువానిగా నిలిచినది. తన పేరును చాటుకొన్నట్లు తోచునెడనే కవి తన్ను శ్రోతల పంక్తిలో కూర్చుండబెట్టుకొన్నాడు. మందలింపు మొదట తనకే తగులును, పిమ్మటనే మనకు. ఆటవెలది నాలుగవ పాదము మకుటమునకు పోగా కవికి మిగిలినవి మూడు పాదములు. ఆ యిరుకున ఆయన యెత్తుకొనిన ఉప్పు, కర్పూరము, చెదలు మున్నగునవి వినువాని యింటిలోనివే. కవి స్వరూపము ఎంత స్పష్టమో, శ్రోతతోడి చుట్టరికము అంత దగ్గర.

అయితే ఈ చుట్టరికమే పాఠపరిష్కర్తకు చిక్కు తెచ్చినది. వేమ అని పిలువబడు స్థానమున ఎవ్వరైనను కూర్చుండవచ్చును గనుక, ఆ స్వరముతో పలుకుటయు ఎవ్వరికైనను సులభమైనది. సి. పి. బ్రౌను 1829లో ప్రకటించిన సంపుటమున 693 పద్యములుండగా, 1839 నాటి సంపుటమున 1,164 గలవు. ఈ పెరుగుదల అంతయు ప్రక్షిప్తమని చెప్పరాదు. సేకరణ విస్తరించుటయు కారణమే. కాని మకుటమొక్కటే ప్రమాణమైనచో ఈ పెరుగుదలకు హద్దు లేదు. ముద్ర యెంత ప్రసిద్ధమో అంత అనుకరణీయము. ప్రసిద్ధియే ప్రామాణ్యమునకు భంగము తెచ్చుట ఇచ్చటి విచిత్రము.

కావున మకుటమునకు తోడుగా మరియొక పరీక్ష అవసరము. పద్యములోని నింద కవిని కూడ తాకుచున్నదా, లేక ఎత్తుపై నిలిచి ఇతరులపై విసరినదా? మొదటిదైనచో మకుటము పద్యార్థముతో కలసి పలుకును. రెండవదైనచో అది పైనంటించిన చీటివలె నుండును. వేమన కులగర్వమును, వేషధారులను తీవ్రముగా నిందించిన మాట నిజమే. అందుచే తీవ్రతను మాత్రమే చూచి పద్యమును తోసివేయుట తగదు. ఈ పరీక్ష తాళపత్ర ప్రతుల సాక్ష్యమునకు తోడు కావలెనే కాని దానికి బదులు కారాదు.

ముద్రకు మకుటమే అక్కరలేదని ఆధునికులలో నిరూపించినవారు కాళోజీ నారాయణరావు (1914–2002). 1953లో వెలువడిన వారి సంపుటి పేరు ‘నా గొడవ’. మొదటి మాట కవిది; రెండవది వాకిళ్లలో, అంగళ్లలో జనులు పలుకు మాట. ‘నా’ అన్నవాడు నిజాము పాలనలో చెరసాల చూచినవాడగుటచే ఆ గొడవ వ్యక్తిగతమై నిలిచిపోక ఓరుగల్లు జనుల గొడవయైనది. వేమన తన పేరును శ్రోతకిచ్చినాడు. కాళోజీ శ్రోత మాటను తన పేరుగా చేసికొన్నారు. దారులు వేరైనను చేరిన చోటు ఒక్కటే.

దీనినిబట్టి తేలునది ఇది: కవి తన స్వరూపమును నిలుపుకొనుటయు, శ్రోతను చేరుటయు పరస్పర విరుద్ధములు కావు. శ్రోతను మెప్పించుటకై స్వరూపమును మార్చుకొన్నవాడును, శ్రోతను మరచి తన పేరునే స్మరించువాడును సమముగా దూరమగుదురు. శతకవాఙ్మయమున పరిశోధన చేయువారు మకుటములను లెక్కించుటతో తృప్తిపడక, ప్రతి మకుటమున పిలుచువాడెవడు, పిలువబడినవాడెవడు అని విచారింతురేని, కర్తృత్వ నిర్ణయమునకు మాత్రమే గాక కవితత్త్వ నిర్ణయమునకును మేలు కలుగగలదు.