లెక్క ఎక్కడ ఆగుతోంది?

గోరంట్ల వానల మీద ప్రాజెక్టు మొదలుపెట్టే విద్యార్థులు నన్ను ముందుగా అడిగేది ఏ ల్యాప్‌టాప్ కొనాలని. ఇప్పుడున్న దానిలో లెక్క ఎక్కడ ఆగుతోందో చూసి రమ్మంటాను.

ఒక రెయిన్‌గేజ్ దగ్గర నూరేళ్లు రోజూ రాసిన లెక్క ముప్పయ్యారున్నర వేల అంకెలు. ‘ఆర్’ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో అంకెకు 8 బైట్లు. అంతా కలిపితే 3 లక్షల బైట్లు దాటదు. ఎంత పాత కంప్యూటరైనా దీన్ని మోస్తుంది.

చిక్కంతా దేశం మొత్తం లెక్క తెచ్చుకున్నప్పుడే. వాతావరణ శాఖ దేశాన్ని పావు డిగ్రీ గళ్లుగా విడదీసి 1901 నుంచి రోజువారీ వర్షపాతం ఇస్తోంది. అడ్డంగా 135, నిలువునా 129, మొత్తం 17,415 గళ్లు. నూరేళ్లకు 63 కోట్ల పైచిలుకు అంకెలు, అంటే 5 జీబీ. సముద్రంలో పడ్డ ఖాళీ గడికీ అదే 8 బైట్లు. ఆర్ మామూలుగా డేటానంతా ర్యామ్‌లోకి ఎక్కించుకుంటుంది, పని నడుమ కాపీలూ తీసుకుంటుంది. 4 జీబీ ర్యామ్‌లో పట్టక హార్డ్ డిస్కు మీద పడుతుంది. ర్యామ్ నుంచి అంకె అందడానికి సెకనులో కోటో వంతు చాలు. తిరిగే డిస్కుకు అంకె ఉన్న చోటు వెతకడానికే సెకనులో నూరో వంతు. లక్ష రెట్ల తేడా! డిస్కు లైటు ఆరదు, మౌస్ కదలదు, ప్రాసెసర్ మాత్రం ఊరికే కూర్చుంటుంది. బోరు అడుగంటాక మోటారు హార్స్‌పవర్ పెంచి లాభం లేదని మన సీమ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ర్యామ్ పెంచాలి, ఎస్‌ఎస్‌డీ వేసుకోవాలి. అంతకన్నా ముందు కావలసినంతే ఎక్కించుకోవాలి. పాత అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్లకు సుమారు పాతిక గళ్లు సరిపోతాయి. 5 జీబీ కాస్తా 7 ఎంబీ అవుతుంది.

ప్రాసెసర్ బలం నిజంగా అక్కరకొచ్చే పని వేరే ఉంది. విత్తాక మూడు వారాలు చినుకు పడని ఏళ్లెన్నో లెక్కించాం. ఆ అంచనాను ఎంత నమ్మొచ్చు? ఏళ్లను కలగలిపి, మళ్లీ మళ్లీ ఎంచి, పది వేల సార్లు అదే లెక్క కట్టాలి. డేటా చిన్నదే, చాకిరీ పెద్దది. ఆర్ మామూలుగా ఒక్క కోర్ మీదే నడుస్తుంది. పనిని నాలుగు కోర్లకు పంచితే పట్టే కాలం దాదాపు నాలుగో వంతుకు దిగుతుంది. పెద్ద మాత్రికల గుణకారాలైతే, ఆర్‌తో వచ్చే బ్లాస్ లైబ్రరీ బదులు ఓపెన్‌బ్లాస్ పెట్టుకుంటే యంత్రం మార్చకుండానే వేగం కొన్ని రెట్లవుతుంది. ఎండాకాలం ఒక జాగ్రత్త: వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. పరుపు మీద కాకుండా గాలి ఆడే బల్ల మీద పెట్టండి.

కావలసినంతే ఎక్కించుకోవడం కొత్త సంగతేం కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు పనిచేసిన కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు 1950ల నడుమ హెచ్‌ఈసీ-2ఎం వచ్చింది. దేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్ అదే. దాని డ్రమ్ము మెమరీలో చోటు 1,024 సంఖ్యలకే. ఏ అంకె ఎప్పుడు కావాలో ముందే తేల్చుకోనిదే దానితో పని జరగదు. ఆ క్రమశిక్షణ మన కాలేజీ ల్యాబుల్లో నేర్పాలి.

వేగం కోసం ఇంత పట్టుబట్టడానికి కారణముంది. జవాబు రాత్రంతా రాకపోతే విద్యార్థి ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటాడు. నిమిషంలో వస్తే, జూన్‌లో విత్తిన శనక్కాయకూ జూలైలో విత్తినదానికీ తేడా ఏమిటని అడుగుతాడు. ఆ రెండో ప్రశ్నే రైతుకు పనికొచ్చేది.